అక్క కొడుకు పేరు నమోదు చేసుకోనంటున్నాడు. నచ్చని యుద్ధం నుంచి తప్పుకోవచ్చా?

పెరంబూర్ శీను
శనివారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఎక్కడ పెట్టాలో తెలియక పిచ్చాపాటీ విభాగంలో పెడుతున్నాను. మోడరేటర్ గారు వేరే చోటికి మార్చినా సరే.

మా అక్కా బావా డల్లాస్‌లో ఉంటారు. వాళ్ళబ్బాయి అక్కడే పుట్టాడు. మొన్ననే పద్దెనిమిది నిండాయి, సెలవులకి మద్రాసు వచ్చి మా ఇంట్లోనే ఉన్నాడు. అక్కడ మగపిల్లలు పద్దెనిమిది నిండిన ముప్పై రోజుల్లో సెలెక్టివ్ సర్వీస్‌లో పేరు నమోదు చేసుకోవాలి. నిర్బంధంగా సైన్యంలోకి తీసుకోవడం 1973లోనే ఆగిపోయింది కానీ, రేపెప్పుడైనా అవసరం పడితే పిలవడానికి జాబితా మాత్రం ఉంచుకున్నారు. వీడు చేసుకోనంటున్నాడు. "ఎవరో ఎక్కడో పెట్టుకున్న యుద్ధానికి నా పేరు ముందే ఎందుకు రాసివ్వాలి మామయ్యా?" అంటాడు. ఫోన్లో అక్క ఏడుపు, బావ తిట్లు.

అసలు చిక్కు మా నాన్న. సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో హవల్దారుగా చేశాడు. 1987లో మన దేశం శ్రీలంకకి పంపిన శాంతి సేనతో జాఫ్నా వెళ్ళాడు. అక్కడి సంగతి ఇంట్లో ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు. రేడియోలో స్టేషన్‌కీ స్టేషన్‌కీ మధ్య ఆ గరగర వస్తే చాలు, ఎక్కడున్నా లేచొచ్చి కట్టేస్తాడు. మాకు తెలిసిందల్లా అంతే. నిన్న రాత్రి భోజనాల దగ్గర మనవడు ఈ మాట అనగానే నాన్న పెరుగన్నం సగంలో వదిలి చెయ్యి కడుక్కున్నాడు. కోపమొస్తే అరిచే మనిషి. అలా లేచి వెళ్ళిపోవడం ఎప్పుడూ చూళ్ళేదు.

కుర్రాడికి ఏం చెప్పాలి? మొహమాటం లేకుండా రాయండి.


మాధవరం మనవడు
శనివారం, రాత్రి 11:15

మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలటరీ మాధవరం అంటే చాలామందికి తెలుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచీ మా ఊరివాళ్ళు లేని యుద్ధం లేదు. మా ముత్తాత వెళ్ళాడు, తాత వెళ్ళాడు, పెదనాన్న వెళ్ళాడు. నాకు కంటిచూపు తక్కువని తీసుకోలేదు, అంబత్తూరులో లేత్ మెషిన్ల కంపెనీ లెక్కలు రాసుకుంటున్నాను. అందుకే కాస్త గట్టిగా చెప్తున్నా, ఏమీ అనుకోకండి.

ఆ దేశం బళ్ళో చదివి, ఆ దేశం రోడ్ల మీద తిరిగి, ఆ దేశం పాస్‌పోర్ట్ జేబులో పెట్టుకుని, తీరా పిలుపు వస్తుందేమోనన్న టైముకి "నాకు నచ్చలేదు" అంటే ఎలా అండీ? యుద్ధం ఎవరికి నచ్చుతుంది? మా తాతకి బర్మాలో నచ్చిందా? నచ్చిన యుద్ధాలకే వెళ్తామంటే ఇక సైన్యమెందుకు, సంతర్పణకి పిలిస్తే సరిపోతుంది.


వేళచ్చేరి వంశీ
శనివారం, రాత్రి 11:22

అన్నా, మీ తాతగారు బర్మాలో పోరాడింది ఏ దేశం కోసం? అడుగుతున్నా అంతే.


మాధవరం మనవడు
శనివారం, రాత్రి 11:31

బ్రిటిష్‌వాడి కోసమే. నెలజీతం కోసం. ఇంట్లో నలుగురు చెల్లెళ్ళు. వెటకారం ఎందుకు బ్రో.


చరిత్ర పిచ్చోడు
ఆదివారం, ఉదయం 7:05

వెటకారమే కానీ ప్రశ్న మంచిదే. దాన్నక్కడ పెట్టి ముందు అమెరికా సంగతి చెప్తాను. కుర్రాడు అక్కడివాడు కాబట్టి అక్కడి చరిత్రే వాడికి పనికొస్తుంది.

1969 డిసెంబర్ 1న వాషింగ్టన్‌లో ఒక గాజు పాత్రలో 366 నీలం ప్లాస్టిక్ డబ్బీలు పోశారు. మందుబిళ్ళలు పోసుకునేంత డబ్బీలు. ఒక్కోదాంట్లో ఒక్కో పుట్టినరోజు. మొదట తీసిన డబ్బీలో సెప్టెంబర్ 14 వచ్చింది. 1944 నుంచి 1950 మధ్య ఆ తేదీన పుట్టిన కుర్రాళ్ళంతా వియత్నాం వరసలో ముందుకొచ్చేశారు. డబ్బీలు సరిగా కలపలేదని, అందుకే డిసెంబర్‌లో పుట్టినవాళ్ళ తేదీలు ఎక్కువగా ముందే వచ్చాయని గణాంకాలవాళ్ళు తర్వాత తేల్చారు. చేత్తో కాస్త బాగా కలిపుంటే ఇంకెవరి కొడుకో వెళ్ళేవాడు.

ఆ యుద్ధకాలంలో సుమారు 22 లక్షల మందిని నిర్బంధంగా తీసుకున్నారు. 58 వేల మందికి పైగా అమెరికన్లు చచ్చిపోయారు, వియత్నాం జనం దానికి ఎన్నో రెట్లు. మరి ఎవరు తప్పించుకున్నారు? కాలేజీలో సీటున్నవాడికి వాయిదా. మంచి డాక్టరు తెలిసినవాడికి కాలి ఎముకలో తేడా. డిక్ చెనీకి అయిదుసార్లు వాయిదా దొరికింది. ఆయనే 1991 గల్ఫ్ యుద్ధంలో రక్షణ మంత్రి, 2003లో ఇరాక్ మీదకి వెళ్ళినప్పుడు ఉపాధ్యక్షుడు. ట్రంప్‌కి కూడా అయిదే, నాలుగు చదువుకి, ఒకటి మడమ ఎముకకి.

వీళ్ళు వెళ్ళకపోతే ఆ జాగా ఖాళీగా ఉండదు కదా. ప్రాంతీయ బోర్డుకి ఇంతమందిని పంపాలని కోటా ఉంటుంది. ఒకడు పక్కకి జరిగితే వెనకవాడు ముందుకి వస్తాడు. మన రేషన్ షాపు క్యూలాగే, కాకపోతే ఇది తిరగేసిన క్యూ. పైగా 1966లో రక్షణ మంత్రి మెక్‌నమారా, పరీక్షలో తప్పినవాళ్ళను కూడా చేర్చుకునే పథకం పెట్టాడు. మూడు లక్షలకు పైగా అలా వచ్చారు, సరిగా చదవడం కూడా రానివాళ్ళతో సహా. కాలేజీ కుర్రాడు ఖాళీ చేసిన జాగాలోకి వచ్చింది వాళ్ళే.

అందుకని నాకు తప్పుకోవడం కంటే, ఎలా తప్పుకున్నాడన్నదే ముఖ్యం. బాక్సర్ మొహమ్మద్ అలీ ఏం చేశాడు? 1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో పేరు పిలిస్తే అడుగు ముందుకేయలేదు. కెనడా పారిపోలేదు, దొంగ సర్టిఫికెట్ పెట్టలేదు. ఛాంపియన్ బెల్ట్ లాగేసుకున్నారు, అయిదేళ్ళ జైలు, పదివేల డాలర్ల జరిమానా వేశారు. బెయిల్ మీద బయటే ఉన్నాడు గానీ, ఇరవై అయిదేళ్ళ వయసులో, మంచి ఊపు మీదున్నప్పుడు, మూడేళ్ళకు పైగా రింగులోకి రానివ్వలేదు. 1971లో సుప్రీంకోర్టు శిక్ష కొట్టేసింది.

శీను గారూ, మీవాడు అలీయా చెనీయా? అది వాడే తేల్చుకోవాలి.


కీల్పాక్ రమ
ఆదివారం, ఉదయం 9:48

నేను హైకోర్టులో ప్రాక్టీసు చేస్తాను. అమెరికా చట్టం నా సబ్జెక్టు కాదు గానీ, మా పెద్దవాడు అక్కడే ఉన్నాడు, గ్రీన్‌కార్డ్. వాడి విషయంలో ఇదంతా చదవాల్సి వచ్చింది.

గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్ళు కూడా నమోదు చేసుకోవాలి. చేసుకోకపోతే తర్వాత పౌరసత్వం దగ్గర తంటా. స్టూడెంట్ వీసా మీద సక్రమంగా ఉన్నవాళ్ళకి అక్కర్లేదు. కాగితం మీద శిక్ష పెద్దదే, అయిదేళ్ళ దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా. 1986 తర్వాత మాత్రం దీనికోసం ఎవరి మీదా కేసు నడపలేదు. అయితే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలు పోతాయి. ఇరవై ఆరు నిండేలోపు ఆలస్యంగానైనా తీసుకుంటారు. అంటే ఈ నెలలో చేయకపోతే తల తీసేయరు. మీ అక్కగారికి అది చెప్పండి ముందు.

ఇక నైతికత. "యుద్ధం అన్నదే తప్పు" అనేవాడికి ఆ చట్టంలో చోటుంది. "ఈ యుద్ధం తప్పు" అనేవాడికి లేదు. 1971లో గిలెట్ కేసులో సుప్రీంకోర్టు అదే చెప్పింది, అన్ని యుద్ధాలనూ వ్యతిరేకిస్తేనే మినహాయింపు అని. అలీ గెలిచింది కూడా అదే ఏడు, కానీ సూత్రం మీద కాదు. మినహాయింపు ఎందుకు ఇవ్వలేదో అప్పీలు బోర్డు కారణం చెప్పలేదు, అందుకని. నాకు ఇది తలకిందులుగా కనిపిస్తుంది. ఆలోచించి, ఈ యుద్ధం న్యాయమైంది, ఆ యుద్ధం కాదు అని వేరు చేయగలిగేవాడికే కదా మనస్సాక్షి పనిచేస్తున్నట్టు?

మన దగ్గర నిర్బంధ సేవ లేదు. కానీ రాజ్యాంగం 23(2) ప్రకారం ప్రజావసరాలకి ప్రభుత్వం నిర్బంధ సేవ విధించవచ్చు, మతం, జాతి, కులం, వర్గం చూపి తేడా చేయకూడదు, అంతే. 51ఎ(డి)లో పిలిచినప్పుడు దేశరక్షణకి రావడం ప్రాథమిక విధి అని ఉంది. కాబట్టి ఇదంతా అమెరికా గొడవ అని నవ్వుకోనక్కర్లేదు.

ఇంకో చిన్న సంగతి. ఆ నమోదు ఫారంలో "నేను యుద్ధానికి వ్యతిరేకిని" అని టిక్ పెట్టడానికి గడి ఉండదు. కొంతమంది కాగితం ఫారం తీసుకుని మార్జిన్‌లో ఆ మాట చేత్తో రాసి, జిరాక్స్ తీసి దాచుకుంటారు. నమోదు చేసుకున్నట్టూ ఉంటుంది, మాట దాచనట్టూ ఉంటుంది. మావాడు అదే చేశాడు.


వేళచ్చేరి వంశీ
ఆదివారం, ఉదయం 10:02

మార్జిన్‌లో రాసి జిరాక్స్ తీయడం... లాయర్ కొడుకని తెలిసిపోతోంది మేడమ్.

సీరియస్‌గా ఒక డౌట్. నేను అమెరికా క్లయింట్‌కి పనిచేస్తాను. ఆ కంపెనీ డ్రోన్లకి వాడే సెన్సర్లకి సాఫ్ట్‌వేర్ చేయించుకుంటోందని ఈమధ్యే తెలిసింది. ఓఎంఆర్ రోడ్డు ఐటీ ఆఫీసులో ఏసీలో కూర్చుని కోడ్ రాస్తున్న నేను ఆ కుర్రాణ్ణి పిరికివాడనొచ్చా? ప్రాజెక్ట్ మార్చమని అడుగుదామనుకున్నా. అప్రైజల్ టైము. అడగలేదు.


శ్రీకాకుళం చిన్నా
ఆదివారం, మధ్యాహ్నం 12:30

అందరూ తప్పుకోవడం గురించే మాట్లాడుతున్నారు. మా వైపు లోపలికి వెళ్ళడానికి కొట్టుకుంటారు. తెల్లారి నాలుగింటికి హైవే మీద పరుగెత్తే కుర్రాళ్ళను చూడండి, ఒక్కడు కూడా యుద్ధం గురించి ఆలోచించడు. పింఛను, క్యాంటీన్ కార్డు, చెల్లి పెళ్ళి. 2022 జూన్‌లో సైన్యంలో చేర్చుకునే అగ్నిపథ్ పథకం ప్రకటించి ఉద్యోగం నాలుగేళ్ళే అనేసరికి సికింద్రాబాద్ స్టేషన్‌లో ఏం జరిగిందో చూశారు కదా, రైళ్ళు తగలబడ్డాయి, కాల్పుల్లో ఒక కుర్రాడు పోయాడు. వాళ్ళ కోపం సైన్యంలోకి రమ్మన్నందుకు కాదు, నాలుగేళ్ళకే పొమ్మంటున్నందుకు.

అమెరికాలో డబ్బీల్లోంచి తేదీలు తీశారు. ఇక్కడ ఆ అవసరం లేదు. ఆకలే తీసి పెడుతుంది.

మావాడొకడు 2024లో ఏజెంటుకి డబ్బు కట్టి రష్యాలో హెల్పర్ ఉద్యోగానికి వెళ్ళబోయాడు. తెలంగాణ కుర్రాళ్ళను అలాగే తీసుకెళ్ళి యుద్ధంలో పెట్టారని, హైదరాబాద్ అబ్బాయి చచ్చిపోయాడని పేపర్లో చూసి ఆగాడు. 2022 సెప్టెంబర్‌లో పుతిన్ మూడు లక్షల మందిని పిలిస్తే అక్కడివాళ్ళే జార్జియా సరిహద్దులో కార్లు బారులు తీర్చి పారిపోయారు. వాళ్ళు వదిలేసిన జాగాలోకి మనవాళ్ళు. పిచ్చోడు గారు చెప్పిన క్యూ శ్రీకాకుళం దాకా ఉందండీ.


మాధవరం మనవడు
ఆదివారం, మధ్యాహ్నం 1:10

చిన్నా గారితో ఒప్పుకుంటాను. కానీ అది నా మాటకే బలం కదా? పైవాడు తప్పుకుంటే కిందవాడి నెత్తి మీద పడుతుంది. కాబట్టి తప్పుకోవద్దు.


సుబ్బు67
ఆదివారం, మధ్యాహ్నం 2:26

22 ఏళ్ళ సర్వీసు. రాయడం అలవాటు లేదు.

ఇష్టం లేనివాణ్ణి తెచ్చి నా పక్కన పెట్టి రాత్రి పెట్రోలింగ్‌కి వెళ్ళమంటే నేను వెళ్ళను. వాడు సగం దారిలో కూర్చుండిపోతే చచ్చేది నేను. రానివాణ్ణి రానివ్వకండి. వాడికీ మంచిది, మాకూ మంచిది.

సంతకం పెట్టాక మాత్రం వేరే లెక్క. యుద్ధ విధుల్లో ఉండి పారిపోతే ఆర్మీ చట్టం 38 ప్రకారం మరణశిక్ష దాకా ఉంది. అది తెలిసే పెడతాం సంతకం.


కోడంబాక్కం కల్యాణి
ఆదివారం, సాయంత్రం 5:55

ఇక్కడ రాయొచ్చో లేదో అని పొద్దుటి నుంచీ ఆలోచిస్తున్నాను.

నేను వళసరవాక్కంలో ఒకావిడ దగ్గర జాకెట్లు కుట్టించుకుంటాను. ఈళం తమిళావిడ, అంటే శ్రీలంక నుంచి వచ్చినావిడ. పేరు రాయను. తమ్ముడు ఇక్కడే మొబైల్ షాపులో పనిచేస్తాడు. పదిహేనేళ్ళ పరిచయం. కిందటి దీపావళికి ముందు కరెంటు పోయి, మిషన్ ఆగి, ఇద్దరం గుమ్మంలో కూర్చున్నప్పుడు చెప్పింది.

వాళ్ళది ఉత్తర శ్రీలంకలో వన్ని ప్రాంతం. అక్కడి యుద్ధం చివరి ఏళ్ళలో పులులు, అంటే ఎల్‌టీటీఈవాళ్ళు, ఇంటికొకరిని ఇవ్వాలన్నారు. మగా ఆడా అని లేదు. తమ్ముడికి పదహారేళ్ళు. తల్లి గాజులమ్మి పడవవాడికి డబ్బు కట్టింది. రాత్రిపూట చేపల వలల కింద పడుకోబెట్టి తెచ్చి ధనుష్కోడి దగ్గర ఇసుక దిబ్బ మీద దించేసి వెళ్ళిపోయారు. ఒకటిన్నర రోజు ఆ దిబ్బ మీదే, ఒక్క నీళ్ళ సీసాతో. తర్వాత మండపం శరణార్థుల క్యాంపు.

వారం తిరక్కుండా వాళ్ళింటికొచ్చి "ఒకరు బాకీ" అన్నారట. చెల్లెల్ని తీసుకెళ్ళారు. పద్దెనిమిది కూడా లేవు. మళ్ళీ కనపడలేదు.

నేను ఏమనాలో తెలియక "మీ అమ్మగారు తమ్ముణ్ణి పంపకుండా ఉండాల్సిందా?" అన్నాను. ఎంత తెలివితక్కువ ప్రశ్న! ఆవిడ కోపగించుకోలేదు. పళ్ళ మధ్యనున్న గుండుసూది తీసి దిండుకి గుచ్చి, "వాడూ అదే అడుగుతాడు, ఆ పిల్ల పుట్టినరోజు వచ్చిందంటే" అంది. ఇంతలో కరెంటొచ్చింది.

మాధవరం అన్నగారూ, పైవాడు తప్పుకుంటే కిందవాడి మీద పడుతుంది, కాబట్టి తప్పుకోవద్దు అన్నారు. ఆ తల్లికి చెప్పగలరా ఆ మాట?


మాధవరం మనవడు
ఆదివారం, సాయంత్రం 6:40

లేదమ్మా. చెప్పలేను.


చరిత్ర పిచ్చోడు
ఆదివారం, రాత్రి 8:15

కల్యాణి గారి పోస్ట్ చదివాక నా క్యూ పోలిక నాకే నచ్చలేదు. వెనకవాడు ముందుకొస్తాడు అన్నాను గానీ, వాణ్ణి మెడపట్టి లాగేవాడు వేరే ఉన్నాడన్నది వదిలేశాను. తప్పు లాగేవాడిది. అయినా తప్పించుకున్నవాడికి నిద్ర పట్టదు. రెండూ నిజమే, ఎలా కలపాలో నాకు తెలియడంలేదు.

పొద్దున వదిలేసిన ప్రశ్న ఒకటుంది, బ్రిటిష్‌వాడి యుద్ధం. 1918లో గాంధీ ఖేడా జిల్లాలో ఊరూరా నడిచి, బ్రిటిష్ సైన్యంలో చేరమని అడిగాడు. అహింస అన్న ఆయనే! అంతకుముందు పన్నుల సత్యాగ్రహంలో బళ్ళు కట్టి తిప్పిన జనమే ఈసారి మొహం చాటేశారు. ఆయన అలిసి, జబ్బుపడి మంచమెక్కాడు. 1940 అక్టోబర్ వచ్చేసరికి అదే గాంధీ, ఈ యుద్ధానికి మనుషుల్నీ డబ్బునీ ఇవ్వడం తప్పని బహిరంగంగా చెప్పి జైలుకి వెళ్ళమని వినోబా భావేని ముందు నిలబెట్టాడు. ఇరవై రెండేళ్ళలో ఆయనే అటునుంచి ఇటొచ్చాడు. పద్దెనిమిదేళ్ళ కుర్రాణ్ణి ముప్పై రోజుల్లో తేల్చమంటున్నాం.

జాఫ్నా సంగతి. దాదాపు 1,200 మంది మనవాళ్ళు అక్కడ పోయారు. 1990 మార్చిలో ఆఖరి బ్యాచ్ మద్రాసు హార్బర్‌కి వస్తే ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి వెళ్ళలేదు. తమిళుల్ని చంపి వచ్చిన సైన్యాన్ని నేనెలా ఆహ్వానిస్తానన్నది ఆయన వాదన. తప్పో ఒప్పో, వెళ్ళమన్నవాళ్ళు ఢిల్లీలో ఉన్నారు, మాట పడ్డది హవల్దార్లు. శీను గారూ, మీ నాన్నగారు ఆ ఓడలో ఉన్నారా?


మోడరేటర్
ఆదివారం, రాత్రి 8:50

చర్చని "మన సంగతులు" విభాగానికి మార్చాను. శాంతి సేన పాత గొడవల మీద పార్టీల పేర్లతో తిట్టుకున్న రెండు పోస్టులు తీసేశాను. మిగతావాళ్ళు బాగా రాస్తున్నారు, అలాగే సాగనివ్వండి.


సుబ్బు67
ఆదివారం, రాత్రి 9:12

నేనున్నాను. ఆ ఓడ కాదు, దానికి ముందుది. హార్బర్ నుంచి సెంట్రల్‌కి ఆటో అడిగితే యూనిఫాం చూసి ముగ్గురు ఆపలేదు. ట్రంకు నెత్తిన పెట్టుకుని నడిచాను.


పెరంబూర్ శీను
సోమవారం, రాత్రి 11:35

అందరికీ థ్యాంక్స్. రమ మేడమ్ చెప్పింది అక్కకి చెప్పాను, ఇరవై ఆరు దాకా టైముందనగానే కాస్త కుదుటపడింది. బావ ఇంకా మాట్లాడట్లేదు.

నాన్నకి ఫోన్లో చదవడం రాదు. నిన్న రాత్రి నేనే అన్నీ చదివి వినిపించాను, పక్కన మేనల్లుడు. వాడికి తెలుగు వింటే అర్థమవుతుంది. కల్యాణి గారిది చదివినప్పుడు నాన్న కళ్ళద్దాలు తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. సుబ్బు గారిది చదవగానే, అటక మీదున్న ట్రంకు దించమన్నాడు.

నల్ల ట్రంకు. తెల్ల పెయింటుతో నాన్న నంబరు, ర్యాంకు, పేరు. ఇరవై ఏళ్ళుగా అమ్మ అందులో బొమ్మల కొలువు బొమ్మలు పెడుతోంది. దించి, పాత పేపర్లలో చుట్టిన దశావతారాలన్నీ మంచం మీద పరిచాం. లోపల మిలటరీ సామానేమీ లేదు, నాఫ్తలీన్ ఉండలు తప్ప. నాన్నకి కావాల్సింది లోపలిది కాదు. మూత మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు.

మేనల్లుడు ఆ నంబరు ఏమిటని అడిగాడు. నాన్న చూడకుండానే చెప్పాడు, ఒక్క అంకె తడబడలేదు. తర్వాత ఆయనే మొదలుపెట్టాడు. 1987 అక్టోబర్‌లో ఒక పొద్దున పెట్రోలింగ్‌తో పాటు వైర్‌లెస్ సెట్టు మోసే డ్యూటీ నాన్నది. సెట్టుకి యాంటెన్నా ఉంటుంది, దూరం నుంచి ముందు కనిపించేది అదే, కాల్చేవాడు ముందు దాన్నే చూస్తాడు. నాన్న జ్వరమని చెప్పాడు. ఇంకొకతను వీపుకి తగిలించుకుని వెళ్ళాడు. అతని పేరు, ఊరు చెప్పాడు నాన్న. నేను ఇక్కడ రాయను, వాళ్ళవాళ్ళు ఎవరైనా ఉంటారు. చిత్తూరు వైపు ఊరే.

జ్వరం నిజంగా ఉందా అని నేనడగలేదు. మేనల్లుడు అడిగాడు. వాళ్ళు అడిగేస్తారు కదా.

"అప్పుడు ఉందనే అనుకున్నాను" అన్నాడు నాన్న.

వాడు ఫారం ఇంకా నింపలేదు. ఇవాళ పొద్దున తాతా మనవడూ కలిసి నడకకెళ్ళి గంటన్నర తర్వాత వచ్చారు, ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ చెప్పలేదు. వచ్చే గురువారం వాడి ఫ్లైట్. ట్రంకు హాల్లోనే ఉంది. బొమ్మలు పెట్టడానికి వేరే పెట్టె కొనమని అమ్మతో అన్నాడు నాన్న.


సుబ్బు67
సోమవారం, రాత్రి 11:52

శీనూ, నాన్నగారిది ఏ యూనిట్? నంబర్ మెసేజ్ పెట్టు. పొద్దున ఆరింటికి లేస్తారా?


పెరంబూర్ శీను
సోమవారం, రాత్రి 11:58

అయిదింటికే లేస్తాడండీ. పెట్టాను.